డేర్ ఎప్పుడు డేన్ అవుతుంది? జర్మన్ అక్యూజేటివ్‌ను తప్పు లేకుండా వాడటం ఎలా

జర్మన్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "బల్లకి డేర్ టిష్ అని నేర్చుకున్నాం కదా, వాక్యంలోకి వచ్చేసరికి డేన్ టిష్ ఎందుకైంది?"

జవాబు చిన్నదే. ఆ వాక్యంలో బల్ల కర్మ అయింది, పైగా జర్మన్‌లో బల్ల పుంలింగం. ఈ రెండూ కలిసినప్పుడు డేర్ డేన్ అవుతుంది, ఐన్ ఐనెన్ అవుతుంది. స్త్రీలింగానికీ (డీ), నపుంసకానికీ (డాస్), బహువచనానికీ (డీ) ఆర్టికల్ మారదు.

ఇంత చిన్న నియమం దగ్గర మనం తడబడటానికి కారణాలు మన భాషలోనే ఉన్నాయి. అక్యూజేటివ్ అంటే బళ్లో చదువుకున్న ద్వితీయా విభక్తే: ని, ను, ల, కూర్చి, గురించి. మనుషుల విషయంలో దాన్ని వదలం. "రాముణ్ణి చూశాను" అంటాం. వస్తువుల దగ్గరికొచ్చేసరికి వదిలేస్తాం. "కాఫీ తాగాను", "బల్ల కొన్నాను" అంటాం తప్ప "కాఫీని తాగాను" అనం. అందుకే వస్తువు కర్మ అయినప్పుడు మన చెవికి విభక్తి వినపడదు, నోట డేర్ అలాగే ఉండిపోతుంది. రెండో కారణం "నాకు" వాక్యాలు. వాటి సంగతి రెండో మెట్టులో వివరంగా ఉంది.

జర్మన్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాం. "ఇశ్" (నేను) లాంటి మాటల్లో శ్ మెత్తగా, నాలుకని అంగిలి దగ్గరికి తెచ్చి పలకాలి. "టిష్"లో ష్ గట్టిది. "బూఖ్"లో ఖ్ గొంతులోంచి వస్తుంది. స్పెల్లింగ్ మాత్రం మీ నిఘంటువులో చూసి రాసుకోండి.

కావలసినవి

- ప్రతి నామవాచకాన్నీ ఆర్టికల్‌తో సహా రాసుకునే నోటుబుక్కు. "టిష్" అని కాదు, "డేర్ టిష్" అని రాయాలి.
- మూడు రంగుల పెన్నులు: పుంలింగానికి ఒకటి, స్త్రీలింగానికి ఒకటి, నపుంసకానికి ఒకటి.
- ఇంట్లో కనిపించే పుంలింగ పదాలు ఓ 20: టిష్ (బల్ల), ష్టూల్ (కుర్చీ), ష్రాంక్ (బీరువా), ష్ల్యూసెల్ (తాళంచెవి), ష్టిఫ్ట్ (పెన్ను), టెలర్ (పళ్లెం), టోప్ఫ్ (గిన్నె), రైస్ (బియ్యం, అన్నం), త్సుకర్ (చక్కెర), కాఫే, టే, ఆప్ఫెల్, పాస్, బ్రీఫ్ (ఉత్తరం), టెర్మీన్ (అపాయింట్‌మెంట్), బుస్, త్సూక్ (రైలు)... మిగిలిన మూడూ మీ గదిలో వెతుక్కోండి.
- రోజుకు 15 నిమిషాలు.

మెట్టు 1. ముందు క్రియను చూడండి

ఆర్టికల్‌తో మొదలుపెట్టకండి. కర్మ ఉంటుందా, ఉంటే ఏ విభక్తిలో ఉంటుందో తేల్చేది క్రియే.

కౌఫెన్ (కొను), ట్రింకెన్ (తాగు), ఎసెన్ (తిను), లేజెన్ (చదువు), జేఎన్ (చూడు), హాబెన్ (కలిగి ఉండు), బ్రౌఖెన్ (కావాలి), జూఖెన్ (వెతుకు), ఫ్రాగెన్ (అడుగు) లాంటివి అక్యూజేటివ్ తీసుకుంటాయి. క్రియల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

జైన్ (అవు, ఉండు), వేర్డెన్ (మారు), బ్లైబెన్ (ఉండిపో), హైసెన్ (అనే పేరు ఉండు) తీసుకోవు. వీటికి రెండు పక్కలా నామినేటివే, అంటే ప్రథమా విభక్తే. "డాస్ ఇస్ట్ ఐన్ టిష్" సరైనది. "డాస్ ఇస్ట్ ఐనెన్ టిష్" తప్పు. అక్యూజేటివ్ కొత్తగా నేర్చుకున్న వారం పది రోజుల్లో అందరూ చేసే తప్పు ఇదే, కనిపించిన ప్రతి ఐన్‌కీ ఎన్ తగిలించేస్తారు.

హెల్ఫెన్ (సాయం చేయు), డాంకెన్ (ధన్యవాదాలు చెప్పు), ఆంట్‌వోర్టెన్ (జవాబు చెప్పు), గెఫాలెన్ (నచ్చు), గెహోరెన్ (చెందు), గ్లౌబెన్ (నమ్ము), ఫోల్గెన్ (అనుసరించు) అనేవి డేటివ్ (మన "కి, కు" లాంటి విభక్తి) క్రియలు. ప్రస్తుతానికి ఈ ఏడు చాలు, విడిగా ఒక పేజీలో రాసుకోండి.

మెట్టు 2. "నాకు"ని "నేను"గా తిప్పండి

మన తప్పుల్లో పెద్ద వాటా ఇక్కడిదే కాబట్టి ఈ మెట్టు మీద రెండు రోజులైనా గడపండి.

తెలుగులో "నాకు ఒక తమ్ముడు ఉన్నాడు" అన్నప్పుడు తమ్ముడు ప్రథమా విభక్తిలో ఉన్నాడు. జర్మన్‌లో అదే మాటకి కర్త "నేను", తమ్ముడు కర్మ: "ఇశ్ హాబె ఐనెన్ బ్రూడర్." తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే తమ్ముడికి ఐన్ వచ్చేస్తుంది, "మీర్" (నాకు) కూడా తోసుకొస్తుంది. ఈ వరస వాక్యాలన్నీ ఇలాంటివే:

- నాకు అపాయింట్‌మెంట్ కావాలి: ఇశ్ బ్రౌఖె ఐనెన్ టెర్మీన్.
- నాకు ఆయన తెలుసు: ఇశ్ కెనె ఈన్.
- నాకు బస్సు కనిపిస్తోంది: ఇశ్ జేఎ డేన్ బుస్.
- నాకు ఆయన మాట అర్థమవుతోంది: ఇశ్ ఫెర్‌ష్టేఎ ఈన్.
- నాకు ఆకలిగా లేదు: ఇశ్ హాబె కైనెన్ హుంగర్.
- ఇక్కడ సూపర్‌మార్కెట్ ఉందా?: గిప్ట్ ఎస్ హీర్ ఐనెన్ జూపర్‌మార్క్ట్?

చివరి దానిలో "నాకు" లేకపోయినా ఉచ్చు అదే. "గిప్ట్ ఎస్" తర్వాత వచ్చేది ఎప్పుడూ అక్యూజేటివే.

ఇక్కడో హెచ్చరిక. "నాకు" కనిపించిన ప్రతిచోటా "ఇశ్" వేయకండి. కొన్నిచోట్ల జర్మన్ అచ్చం తెలుగులాగే నడుస్తుంది. "నాకు ఈ సినిమా నచ్చింది" అన్నదానికి "డేర్ ఫిల్మ్ గెఫెల్ట్ మీర్". సినిమాయే కర్త, అందుకే డేర్. "నాకు చలేస్తోంది" అంటే "మీర్ ఇస్ట్ కాల్ట్". ఇంగ్లీషు ద్వారా జర్మన్ నేర్చుకునేవాళ్లకి కష్టమనిపించే ఈ వాక్యాలు మనకి ఇంటి భాషలా ఉంటాయి, ఆ లాభాన్ని వదులుకోకండి. "ఇష్టం" అంటే మాత్రం మోగెన్ క్రియ, దానికి అక్యూజేటివ్: "ఇశ్ మాక్ డేన్ ఫిల్మ్."

తెలుగు విభక్తికీ జర్మన్ విభక్తికీ పొత్తు కుదరని క్రియలు కొన్ని ఉన్నాయి. "అతనికి ఫోన్ చేస్తాను" అంటాం కాబట్టి డేటివ్ వాడాలనిపిస్తుంది. కానీ ఆన్‌రూఫెన్ అక్యూజేటివ్: "ఇశ్ రూఫె ఈన్ ఆన్." దీనికి ఎదురుది నమ్మడం. "నిన్ను నమ్ముతున్నాను" అని మనం ద్వితీయ వాడితే, జర్మన్ డేటివ్ వాడుతుంది: "ఇశ్ గ్లౌబె డీర్." అనుసరించడం కూడా అంతే. "డాక్టరుని అడుగు" దగ్గర రెండు భాషలూ ఒకటే: "ఫ్రాక్ డేన్ ఆర్ట్స్ట్."

మెట్టు 3. కర్మ లింగం తేల్చుకోండి

లింగం తెలియకపోతే అక్యూజేటివ్ రాదు. ఊహించడం కంటే నోటుబుక్కు తెరవడం మంచిది. అయినా కొన్ని గుర్తులు నమ్మదగ్గవి. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, త్సియోన్, టేట్‌తో ముగిసే పదాలు స్త్రీలింగం. శెన్‌తో ముగిసే చిన్నదనపు పదాలు నపుంసకం. అందుకే అమ్మాయి కూడా "డాస్ మేట్‌శెన్", కర్మ అయినా మారదు. వారాల పేర్లు (సోమవారం, మంగళవారం...), నెలల పేర్లు, రుతువుల పేర్లు పుంలింగం. సమాసంలో చివరి మాటే లింగాన్ని నిర్ణయిస్తుంది: ష్రాంక్ పుంలింగం కాబట్టి క్యూల్‌ష్రాంక్ (ఫ్రిజ్) కూడా పుంలింగమే.

మెట్టు 4. పుంలింగమైతే మార్చండి, కాకపోతే ముట్టుకోకండి

- డేర్ → డేన్
- ఐన్ → ఐనెన్
- కైన్ → కైనెన్
- మైన్ (నా), డైన్ (నీ), జైన్ (అతని), ఈర్ (ఆమె, వాళ్ల) → మైనెన్, డైనెన్, జైనెన్, ఈరెన్
- ఉన్సర్ (మా, మన), ఒయర్ (మీ) → ఉన్సరెన్, ఒయ్‌రెన్
- డీజర్ (ఈ), యేడర్ (ప్రతి), వెల్శర్ (ఏ) → డీజెన్, యేడెన్, వెల్శెన్

డీ, డాస్, ఐనె, కైనె, మైనె అలాగే ఉంటాయి. ఈ మూడూ వరసగా పలికి చూడండి: కైనెన్ హుంగర్ (ఆకలి లేదు), కైనె త్సైట్ (టైం లేదు), కైన్ గెల్ట్ (డబ్బు లేదు). మూడు లింగాలూ ఇందులో ఉన్నాయి, రోజూ నోట్లో ఆడే మాటలు కూడా.

మధ్యలో విశేషణం వస్తే పుంలింగంలో దానికీ ఎన్ వస్తుంది: ఐనెన్ నొయెన్ టిష్, డేన్ నొయెన్ టిష్. నిజానికి ఇది మీరు మొదటిరోజే నేర్చుకున్నారు. "గూటెన్ మోర్గెన్", "గూటెన్ టాక్" అనేవి "మీకు మంచి ఉదయం, మంచి రోజు కోరుకుంటున్నాను" అనే వాక్యాల ముక్కలు, అంటే అక్యూజేటివ్. అందుకే రాత్రికి మాత్రం "గూటె నాఖ్ట్". నాఖ్ట్ స్త్రీలింగం, ఎన్ రాదు.

వినేటప్పుడు ఒక చిక్కుంది. వాడుకలో ఐనెన్ నలిగిపోయి "నెన్" అనో, "ఐన్‌న్" అనో వినిపిస్తుంది. జర్మన్లు ఎన్ వదిలేస్తున్నారనుకోకండి, అది అక్కడే ఉంది. మీరు రాసేటప్పుడు, పరీక్షలో మాట్లాడేటప్పుడు పూర్తిగా పలకండి.

మెట్టు 5. సర్వనామాలు

ఇశ్ → మిశ్, డూ → డిశ్, ఏర్ → ఈన్, వీర్ → ఉన్స్, ఈర్ (మీరు, చనువుగా) → ఒయ్శ్. జీ, ఎస్ మారవు. గౌరవంగా "మీరు" అనే జీ కూడా మారదు. ప్రశ్న వేసేటప్పుడు వేర్ (ఎవరు) → వేన్ (ఎవరిని), వాస్ (ఏమిటి) మారదు.

వస్తువుకి బదులు సర్వనామం వేసేటప్పుడు జాగ్రత్త. తెలుగులో వస్తువంటే "దాన్ని" కాబట్టి ఎస్ వేసేస్తాం. బల్ల పుంలింగం కాబట్టి "ఇశ్ కౌఫె ఈన్" అనాలి. బ్యాగ్ (డీ టాషె) అయితే "ఇశ్ కౌఫె జీ".

మెట్టు 6. నామవాచకం చివర కూడా ఎన్ వచ్చేవి

కొన్ని పుంలింగ పదాలకి ఆర్టికల్‌తో పాటు పదం చివర కూడా మారుతుంది. మనుషుల్ని తెలిపే మాటల్లో ఎ శబ్దంతో ముగిసేవి (యుంగె, కొలేగె, కుండె), ఎంట్, ఆంట్, ఇస్ట్‌లతో ముగిసేవి (ష్టుడెంట్, పాత్సియెంట్, పోలిత్సిస్ట్), వీటితో పాటు హెర్, నాఖ్‌బార్ (పొరుగాయన), మెన్ష్ (మనిషి), నామె (పేరు).

డేర్ పాత్సియెంట్ → డేన్ పాత్సియెంటెన్. డేర్ హెర్ → డేన్ హెర్న్. నర్సు ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు పాత్సియెంటెన్‌ని రోజుకి పదిసార్లు వాడతారు, దీన్ని ముందే గట్టిచేసుకోండి. ఏ1 మౌఖిక పరీక్షలో పేరు అక్షరాలు విడమరిచి చెప్పమంటారు. అక్కడ "మైనెన్ నామెన్" అనాలి, "మైనెన్ నామె" కాదు.

మెట్టు 7. ఎప్పుడూ అక్యూజేటివ్ తీసుకునే ప్రిపొజిషన్లు

డుర్శ్ (గుండా), ఫ్యూర్ (కోసం), గేగెన్ (వ్యతిరేకంగా), ఓనె (లేకుండా), ఉమ్ (చుట్టూ, గంట చెప్పేటప్పుడు "కి"). వీటి తర్వాత క్రియని చూడక్కర్లేదు. ఫ్యూర్ మైనెన్ ఫాటర్, ఓనె డేన్ పాస్, డుర్శ్ డేన్ పార్క్. "ఎంట్‌లాంగ్" (వెంబడి) మన తెలుగులాగే నామవాచకం తర్వాత వస్తుంది: డేన్ ఫ్లుస్ ఎంట్‌లాంగ్, నది వెంబడి.

"వెళ్లడం" ఉంది కదా అని త్సూ, నాఖ్‌లకి అక్యూజేటివ్ వేయకండి. ఔస్, బై, మిట్, నాఖ్, జైట్, ఫోన్, త్సూ ఎప్పుడూ డేటివే. డాక్టరు దగ్గరికి వెళ్తే "త్సుమ్ ఆర్ట్స్ట్", అంటే త్సూ డేమ్ (డేమ్ అనేది డేర్‌కి డేటివ్ రూపం).

మెట్టు 8. రెండు పక్కలా తిరిగేవి

ఆన్ (ఆనుకుని), ఔఫ్ (మీద), హింటర్ (వెనక), ఇన్ (లో), నేబెన్ (పక్కన), యూబర్ (పైన), ఉంటర్ (కింద), ఫోర్ (ముందు), త్స్విషెన్ (మధ్య). ఈ తొమ్మిదీ "వోహిన్" (ఎక్కడికి) అని అడిగితే అక్యూజేటివ్, "వో" (ఎక్కడ) అని అడిగితే డేటివ్.

తెలుగులో దీనికి సిద్ధంగా ఒక కొలబద్ద ఉంది: లోకి, మీదికి, కిందికి, వెనక్కి, పక్కకి అయితే అక్యూజేటివ్; లో, మీద, కింద, వెనక, పక్కన అయితే డేటివ్. పార్కులోకి వెళ్తున్నాను, "ఇశ్ గేఎ ఇన్ డేన్ పార్క్". పార్కులో పరుగెత్తుతున్నాను, "ఇశ్ లౌఫె ఇమ్ పార్క్" (ఇమ్ అంటే ఇన్ డేమ్). రెండోదాంట్లోనూ కదలికే, కానీ పార్కు దాటి పోలేదు.

ఈ కొలబద్ద ఒక్కచోట మోసం చేస్తుంది, "పెట్టు" దగ్గర. "పుస్తకం బల్ల మీద పెట్టాను" అంటాం, "మీదికి" అనం. జర్మన్‌కి మాత్రం పుస్తకం చోటు మారింది, కాబట్టి అక్యూజేటివ్: "ఇశ్ లేగె డాస్ బూఖ్ ఔఫ్ డేన్ టిష్." పెట్టాక అది అక్కడుంటే డేటివ్: "డాస్ బూఖ్ లీక్ట్ ఔఫ్ డేమ్ టిష్." అందుకని ఈ జంటల్ని కలిపే నేర్చుకోండి:

- లేగెన్ (పడుకోబెట్టినట్టు పెట్టు) అక్యూజేటివ్, లీగెన్ (పడి ఉండు) డేటివ్.
- ష్టెలెన్ (నిలబెట్టు) అక్యూజేటివ్, ష్టేఎన్ (నిలబడి ఉండు) డేటివ్.
- జెత్సెన్ (కూర్చోబెట్టు) అక్యూజేటివ్, జిత్సెన్ (కూర్చుని ఉండు) డేటివ్.
- హెంగెన్ (తగిలించు, వేలాడు) రెండు అర్థాలకీ ఒకటే మాట. గోడకి తగిలిస్తే "ఆన్ డీ వాంట్", గోడకి వేలాడుతుంటే "ఆన్ డేర్ వాంట్".

ఒకే వాక్యంలో రెండు అక్యూజేటివ్‌లు వస్తే కంగారు పడకండి. "ఇశ్ ష్టెలె డేన్ ష్టూల్ నేబెన్ డేన్ ష్రాంక్": కుర్చీ కర్మ కాబట్టి డేన్, బీరువా పక్కకి చేరింది కాబట్టి డేన్.

క్రియతో జతకట్టిన ప్రిపొజిషన్లకి కదలిక లెక్క పనిచేయదు. వార్టెన్ ఔఫ్ (కోసం ఎదురుచూడు), డెంకెన్ ఆన్ (తలుచుకొను), ష్ప్రెశెన్ యూబర్ (గురించి మాట్లాడు) మూడింటికీ అక్యూజేటివ్. "గురించి" తెలుగులోనూ ద్వితీయా విభక్తే, యూబర్‌ని అలా గుర్తుపెట్టుకోండి.

మెట్టు 9. కాలం చెప్పేటప్పుడు

ప్రిపొజిషన్ లేకుండా కాలం చెబితే అక్యూజేటివ్: యేడెన్ టాక్ (రోజూ), డేన్ గాన్‌త్సెన్ టాక్ (రోజంతా), నేశ్‌స్టెన్ మోన్‌టాక్ (వచ్చే సోమవారం), ఐనెన్ మోనాట్ (ఒక నెలపాటు). ఉత్తరం పైన తేదీ కూడా అంతే: "హైడెరాబాడ్, డేన్ 5. మై." ప్రిపొజిషన్ వస్తే లెక్క మారిపోతుంది. "ఆమ్ మోన్‌టాక్", "ఫోర్ ఐనెమ్ మోనాట్" (నెల క్రితం) డేటివ్.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మొదటి పరీక్ష తెలుగులోనే. వస్తువు స్థానంలో మనిషిని పెట్టండి. "బల్ల చూశాను"లో ను దాక్కుంది, "వాణ్ణి చూశాను" అనగానే బయటపడింది. బయటపడితే కర్మ. "నాకు" వాక్యాల్ని మాత్రం మెట్టు 2 ప్రకారం తిప్పాకే ఈ పరీక్ష పెట్టాలి, ఎందుకంటే "నాకు వాడు కావాలి"లో ని కనిపించదు.

రెండోది జర్మన్‌లో. రాసిన పేరాలో ప్రతి డేన్ కిందా గీత గీయండి. ఒక్కో డేన్‌కి రెండే సమాధానాలు ఉండాలి: పుంలింగ ఏకవచన అక్యూజేటివ్, లేదా బహువచన డేటివ్ (మిట్ డేన్ కిండర్న్, పిల్లలతో). ఈ రెండూ కాకపోతే తప్పే. తర్వాత ఒకే వాక్యంలో రెండు డేర్‌లు ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిలో ఒకటి స్త్రీలింగ డేటివో, స్త్రీలింగ లేదా బహువచన జెనిటివో ("యొక్క" విభక్తి) కావాలి, లేదా జైన్ లాంటి క్రియ ఉండాలి.

వాక్యం మొదట ఉన్నదే కర్త అనుకోవద్దు. "డేన్ కాఫే ట్రింకె ఇశ్ ష్పేటర్": కాఫీ ముందుకొచ్చినా కర్మే. తెలుగులో "కాఫీ నేను తర్వాత తాగుతాను" అన్నట్టే.

ఇవి రాసి చూడండి

1. నాకు ఒక ప్రశ్న ఉంది.
2. నాకు తాళంచెవి దొరకడం లేదు.
3. రేపు నీకు ఫోన్ చేస్తాను.
4. ఇది నా పాస్‌పోర్టు.
5. నర్సు పేషెంటుని లేపుతోంది.
6. పాలు ఫ్రిజ్‌లో పెట్టు.
7. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.
8. మా అన్నయ్యకి ఆ డాక్టరు తెలుసు.

జవాబులు:

1. ఇశ్ హాబె ఐనె ఫ్రాగె.
2. ఇశ్ ఫిండె డేన్ ష్ల్యూసెల్ నిశ్ట్.
3. ఇశ్ రూఫె డిశ్ మోర్గెన్ ఆన్.
4. డాస్ ఇస్ట్ మైన్ పాస్.
5. డీ ప్ఫ్లేగెరిన్ వెక్ట్ డేన్ పాత్సియెంటెన్.
6. ష్టెల్ డీ మిల్శ్ ఇన్ డేన్ క్యూల్‌ష్రాంక్.
7. డీ మిల్శ్ ష్టేట్ ఇమ్ క్యూల్‌ష్రాంక్.
8. మైన్ బ్రూడర్ కెంట్ డేన్ ఆర్ట్స్ట్.

1లో ఐనెన్ రాసి ఉంటే లింగం తప్పింది, మెట్టు 3. 2, 3, 8లలో తప్పితే మెట్టు 2కి వెళ్లండి. 4లో మైనెన్ వేసి ఉంటే మెట్టు 1. 5లో చివరి ఎన్ మర్చిపోతే మెట్టు 6. 6, 7 తారుమారైతే మెట్టు 8లోని లేగెన్, లీగెన్ లాంటి జంటలతో ఇంట్లో సామాను పెడుతూ, తీస్తూ పైకి చెప్పుకుంటూ వారం రోజులు గడపండి. ఆ తర్వాత ఈ ఎనిమిదీ జవాబులు మూసి మళ్లీ రాయండి.